కాగితం లేని డబ్బా

"సోమవారం సాయంత్రం మీ నాన్నకి సూది ఎవరు వేశారు?"

"నేనే."

"ఏం సూది?"

"రక్తం పట్టడానికి. డయాలసిస్ చేయించుకునేవాళ్ళకి రక్తం తగ్గిపోతూ ఉంటుంది. వారానికోసారి వెయ్యాలి. మూడేళ్ళుగా నేనే వేస్తున్నా. నమ్మకం లేకపోతే మా డాక్టర్ని అడగండి."

"అడిగాను."

"మరి మళ్ళీ నన్నెందుకు అడుగుతున్నారు?"

"మీ నోటితో వినాలని."

నర్సు బల్లమీద చేతులు పెట్టుకుని కూర్చుంది. సబ్బుతో కడిగి కడిగి పాలిపోయిన చేతులు. రెండు రోజులుగా అదే కుర్చీ, అవే ప్రశ్నలు. కళ్ళు ఏడ్చి ఎండిపోయాయి. ఇప్పుడక్కడ కోపం కూడా లేదు. కోపం రావాలన్నా ఒంట్లో కాస్త ఓపిక ఉండాలి కదా.

ఎదురుగా కూర్చున్నవాణ్ణి స్టేషన్లో అందరూ నత్త అంటారు. పదిమంది పరిగెత్తే చోట అతను పాకుతాడని. ఆ పేరు పెట్టింది ఇన్‌స్పెక్టరే. ఒకప్పుడు నత్త చేతికింద పని నేర్చుకున్నవాడు. నత్త పోలీసు ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు తగిలించుకున్నాక ఆ పేరు వీధిన పడింది. ఇప్పుడు సొంత చెల్లెలు కూడా ఫోన్ ఎత్తి "ఏం నత్తన్నయ్యా" అంటుంది. అతనేమీ అనుకోడు. నత్త పోయిన దారి గోడమీద చారగా కనపడుతుంది, పరిగెత్తినవాడి దారి ఎవరికీ కనపడదు అని మనసులో అనుకుంటాడు. పైకి అనడు. అతను పైకి అనేవి తక్కువ.

సంగతేమిటంటే, నర్సు వాళ్ళ నాన్నకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. మంగళ, గురు, శనివారాల్లో మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. శనివారం చేయించుకున్నాడు. మంగళవారం తెల్లారి లేవలేదు. ఆసుపత్రిలో రక్తం తీసి చూస్తే పొటాషియం గుండెని ఆపేసేంత ఉంది. మన ఒంట్లో ఎక్కువైన పొటాషియాన్ని కిడ్నీలు బయటికి తోసేస్తాయి. ఆయనకి తోసేవాళ్ళు లేరు. ఉన్నదంతా ఒంట్లోనే పేరుకుపోతుంది. అదే పొటాషియం బుడ్లలో మందుగా నర్సు పనిచేసే వార్డులో ఉంటుంది. ఆ బీరువా తాళంచెవి ఆమె నడుముకే ఉంటుంది. ముందురోజు సాయంత్రం ఆయన చేతికి సూది వేసిందీ ఆమే. ఇన్‌స్పెక్టర్‌కి ఇంతకన్నా ఏం కావాలి? ఇవాళ సాయంత్రం మేజిస్ట్రేటు ముందు నిలబెడతానని పత్రికలవాళ్ళకి చెప్పేశాడు.

"'నువ్వు పోతే గానీ నాకు ఊపిరాడదు' అని మీ నాన్నని అన్నారట," అన్నాడు నత్త.

"అన్నాను."

"పక్కింటివాళ్ళు విన్నారు."

"వింటారు. మా గోడ పలచన." ఆమె బల్లకేసి చూస్తూ చెప్పింది. "ఆ రోజు పరుపు కింద నారింజ తొక్కలు దొరికాయి. ఎవర్ని బతిమాలి తెప్పించుకున్నారో. ఒక్క నారింజపండు కోసం అంత గొడవ చేస్తారా అని మీకనిపించొచ్చు. నేను మూడేళ్ళు కంట్లో వత్తులేసుకుని కాపలా కాశాను. ప్రతి ముద్దా తూకం వేసి పెట్టాను. కూరగాయలు ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ ఉడకబెట్టి పెట్టాను. రుచీ పచీ లేని ఆ గుజ్జు తినలేక ఆయన ఏడిచేవారు. ఏది నోట్లో పెట్టినా ఇనపముక్క నాకినట్టుందనేవారు. ఈ జబ్బులో నాలుక చచ్చిపోతుంది. ఆయన ఏడుస్తుంటే నేను పెట్టేదాన్ని. నేనూ ఏడుస్తూనే పెట్టేదాన్ని. ఒకరోజు నోరు జారింది."

"ఆయన ఇష్టపడి తీసుకునేది ఏదైనా ఉండేదా?"

"డబ్బా ఒకటి. అనాస రసం. రోజుకి ఒకటి. అది కూడా నేనే ఒప్పుకున్నా."

"పళ్ళరసంలో పొటాషియం ఉండదా?"

ఆమె మొహంలో మొదటిసారి ఏదో కదిలింది. నవ్వు కాదు, నవ్వుకి చుట్టం.

"అది పళ్ళరసం ఎక్కడండీ? అందులో పండు పదోవంతు కూడా ఉండదు. మిగతాది చక్కెర నీళ్ళు, కాస్త పులుపు, కాస్త రంగు. మీలాంటివాళ్ళు తాగకూడని చెత్త. మా నాన్నకి మాత్రం ఆ చెత్తే మంచిది. పండు ఎంత తక్కువుంటే ఆయనకి అంత క్షేమం. లేబుల్ మీద రాసుంటుంది, డబ్బాకి డెబ్బై మిల్లీగ్రాములు అని. ఒక అరటిపండులో నాలుగొందలు. అంకె చూడనిదే నేను దేన్నీ ఆయన గదిలోకి పోనివ్వలేదు. కాగితం లేని డబ్బా ఇంట్లోకి రాకూడదని మా అమ్మతోనూ అన్నతోనూ పోట్లాడాను."

"ఆ అంకె నిజమేనని నమ్మకమేంటి?"

"అదీ నమ్మకపోతే ఆయనకి ఏం పెట్టనండీ? గాలి పెట్టనా?"

తలుపు తెరుచుకుంది. ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. బూట్లు తళతళ, మొహం తళతళ.

"గురువుగారూ, ఇంకా మొదటి మెట్టు మీదే ఉన్నారా? ఊపిరి పీల్చుకుంటూ ఎక్కండి, తొందరేం లేదు."

నత్త లేచి బయటి వరండాలోకి నడిచాడు. ఇన్‌స్పెక్టర్ వెనకే వచ్చాడు.

"సూది వేసిన చోట చర్మం పరీక్ష చేయించావా?" అడిగాడు నత్త.

"చేతిలో సూది, నడుముకి తాళంచెవి, నోట్లో ఆ మాట. ఇంకా చర్మం ఎందుకండీ?"

"ఆయన ఏం తిన్నాడో చూశావా?"

"చూశా. మీ దగ్గర నేర్చుకున్నవాణ్ణి కదా, చెత్తబుట్ట బోర్లించి మరీ చూశా. ఉడికించిన బీరకాయ ముక్కలూ, ఖాళీ రసం డబ్బాలూ." అతను గదిలోకి వెళ్ళి డబ్బా ఒకటి పట్టుకొచ్చి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని సినిమాలో లాయరులా చదివాడు. "పోషక విలువలు. చక్కెర ఇంత. విటమిన్ సి పుష్కలం. పొటాషియం డెబ్బై మిల్లీగ్రాములు. ఇది తాగి ఎవడూ చావడు గురువుగారూ. డాక్టరు కూడా అదే అన్నాడు. తీసుకెళ్ళండి, మీ టేబుల్ మీద పెన్నులు పెట్టుకోవడానికి బాగుంటుంది."

డబ్బాని విసిరాడు. నత్త పట్టుకున్నాడు.

"ఆ అమ్మాయి చెయ్యలేదురా."

ఆ 'రా'కి ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది. "పాత అలవాట్లు మానుకోండి. మీకు జాలి ఎక్కువ. అందుకే ఈ ఉద్యోగంలో నిలవలేకపోయారు. ఆ పిల్ల మూడేళ్ళు చాకిరీ చేసి విసిగిపోయింది. చంపేసింది. ఆమె బాధ నాకూ తెలుసు. బాధ ఉంటే నేరం కాకుండా పోతుందా?"

ఆ మాటలో తప్పు లేదు. అదే నత్తకి మింగుడు పడలేదు.

*

స్టేషన్ ఎదురుగా ఉన్న అరుగుమీద కూర్చుని నత్త ఆ ఖాళీ డబ్బాని తిప్పి తిప్పి చూశాడు.

అడుగున ఎండిన చార ఉంది. వేలితో తాకాడు. తేనెలా అంటుకుంది. రంగు ముదురు నారింజ. అనాస రసం అయితే పాలిపోయిన పసుపు ఉండాలి.

పక్క కొట్లో అదే అనాస రసం డబ్బా కొన్నాడు. తాగలేదు, అతనికి షుగరు ఉంది. మురిక్కాలవలో ఒంపాడు. కొట్టువాడు అదోలా చూశాడు. "దాహం లేకపోతే కొనడం ఎందుకు సార్?" అన్నాడు. నత్త రెండు డబ్బాలకీ కాగితాలు ఊడదీశాడు.

కొట్లో డబ్బా కాగితం ఒక్క లాగుకే వచ్చేసింది. అంచున సన్నటి బంక గీత, అంతే. మిషను అంటించింది.

చనిపోయినాయన తాగిన డబ్బా కాగితం రాలేదు. గోటితో గీకితే పేలికల్లా వచ్చింది. లోపలి వైపంతా తెల్లటి బంక, పొలుసులు పొలుసులుగా. వంట పిండితో చేసిన బంక. చేత్తో పూసింది. ఒకచోట వేలిముద్ర కూడా గట్టిపడిపోయి ఉంది. సన్నటి వేలు.

మూతలు చూశాడు. కొట్లో డబ్బా మూతమీద మూడు మూలల గుర్తు నొక్కి ఉంది. రెండోదాని మీద సున్న, సున్నలో చుక్క.

నత్త రెండు డబ్బాలూ సంచిలో వేసుకున్నాడు. కేసు విడిపోతున్నప్పుడు మామూలుగా అతనికి సంతోషం వేస్తుంది. ఈసారి వెయ్యలేదు. ఎందుకో అతనికే తెలియలేదు.

*

రసం కంపెనీ గోదాము చాలా పెద్దది. నేల నుంచి కప్పు దాకా డబ్బాలే. ఒక్కదానికీ కాగితం లేదు. తెల్లటి రేకు, నున్నగా, అన్నీ ఒకేలా. చూస్తుంటే మొహాలు లేని జనం వరసల్లో నిలబడ్డట్టుంది.

నర్సు అన్న ఇక్కడే సూపర్‌వైజరు. చెల్లెల్ని విడిపించమని నత్తని పిలిచింది ఇతనే. లావుపాటి మనిషి. నవ్వుమొహం. రెండు రోజులుగా ఆ నవ్వు ఎక్కడో పారేసుకుని వెతుక్కుంటున్నట్టున్నాడు.

"ఇవన్నీ ఏం డబ్బాలు?" అడిగాడు నత్త.

"రకరకాలు సార్. సీజన్లో ఏ పండు వస్తే అది నింపి మూత వేసేస్తాం. కాగితం అప్పుడే అంటించం. ఎవరు ఆర్డర్ ఇస్తే వాళ్ళ కాగితం తర్వాత అంటిస్తాం. అప్పటిదాకా ఇలా దిసమొలతో నిలబడతాయి."

"కాగితం లేకపోతే దేంట్లో ఏముందో ఎలా తెలుస్తుంది?"

"మూత చూసి. ప్రతి రకానికీ ఒక గుర్తు ఉంటుంది సార్. మూడు మూలలైతే అనాస. గీతైతే జామ. నక్షత్రమైతే మామిడి."

నత్త సంచిలోంచి రెండో డబ్బా తీసి, మూత అతని వైపు తిప్పాడు.

"ఇది?"

అతను చూశాడు. చుట్టుపక్కల ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు.

"ఇది... ఇది మీకెక్కడిది సార్?"

"ముందు ఏంటో చెప్పు."

"చిక్కరసం." గొంతు తగ్గించాడు. "నారింజ, అరటి, ప్యాషన్ ఫ్రూట్ కలిపి, కాచి, నీళ్ళు ఇగరబెట్టి నింపుతాం. ఐస్‌క్రీం షాపులకీ హోటళ్ళకీ పోతుంది. ఒక్క డబ్బాకి కూజాడు నీళ్ళు కలపాలి. ఊరికే తాగేది కాదు."

"ఊరికే తాగితే?"

"బాగా తియ్యగా, పుల్లగా నాలుక అదిరిపోతుంది సార్. డజను పళ్ళు ఒక్కసారి నమిలినట్టుంటుంది."

దూరంగా మిషను ఏదో టకటకలాడుతోంది.

"ఇది మీ ఇంట్లోకి ఎలా వచ్చింది?"

"మా ఇంట్లోకా? లేదు సార్."

"మీ ఇంటి చెత్తబుట్టలో దొరికింది."

"అబద్ధం సార్! ఎవరో పెట్టుంటారు. ఆ ఇన్‌స్పెక్టరే..."

"నీళ్ళు నమలకు. నీ చెల్లెలు సాయంత్రం జైలుకి పోతోంది. నువ్వు ఉద్యోగం గురించి ఆలోచిస్తున్నావా, ఆ పిల్ల గురించా?"

ఆ లావుపాటి మనిషి ఒక డబ్బాల పెట్టెమీద కూలబడ్డాడు. పెట్టె కిర్రుమంది.

"చొట్టపడ్డవి అమ్మరు సార్. మాకు ఇచ్చేస్తారు. చిక్కరసం మాత్రం చొట్టపడినా ఇవ్వరు, మళ్ళీ కాచేస్తారు. కానీ అన్నీ ఒకే కుప్పలో పడుంటాయి. శనివారం తొందరలో ఒక సంచి నింపుకొచ్చా. మూతలు చూడలేదు. ఇంటికొచ్చాక చూసుకుంటే నాలుగు ఇవి వచ్చాయి. మళ్ళీ తిరిగి తెస్తే దొంగతనం అంటారని నోరు మూసుకున్నా. అయినా ఏమవుతుంది సార్? చెల్లి కాగితం లేని డబ్బా నాన్న దగ్గరికి పోనివ్వదు. పోయినసారి తెచ్చినవన్నీ మెట్లమీంచి కిందికి విసిరేసింది. వాటిని అమ్మకిచ్చి, పిల్లలొచ్చినప్పుడు నీళ్ళు కలిపి ఇమ్మన్నా."

"నీళ్ళు కలపమని అమ్మకి నిజంగా చెప్పావా?"

అతను ఆలోచించాడు.

"చెప్పాననే అనుకుంటున్నా సార్," అన్నాడు. "కాగితాలు ఎవరంటించారు సార్? నేను కాదు. ఒట్టు. ఎవరంటించారు?"

నత్త డబ్బా సంచిలో వేసుకుని బయటికి నడిచాడు.

*

ఇంట్లో ముసలమ్మ ఒక్కతే ఉంది. పొయ్యిమీద చిన్న గిన్నె. కుర్చీమీద అట్టముక్క, దానిమీద పెద్దాయన ఫొటో. అట్టకి ఫొటో అంటిస్తోంది. సన్నటి వేళ్ళతో మూలలు నొక్కుతోంది.

"రా బాబూ. నా కూతుర్ని వదిలారా?"

"ఇంకా లేదమ్మా."

"వదుల్తారు. దాని చేతికి చీమని చంపడం కూడా రాదు." ఆమె కొంగుతో ఇంకో కుర్చీ తుడిచింది. "కూర్చో. కాళ్ళు లాగుతున్నట్టున్నాయి నీకు."

నత్త కూర్చోలేదు. వంటగది గుమ్మంలో నిలబడి చూశాడు. చూడ్డానికి అట్టే లేదు. శుభ్రంగా తుడిచిన గట్టు. నర్సు కొన్న తూకం మిషను, అంకెలు వెలిగేది. మూడేళ్ళు ఆ మనిషి తిండంతా దానిమీంచే పోయింది. పైన అరలో సామాను డబ్బాలు. ప్రతి డబ్బామీదా అనాసపండు బొమ్మ. బియ్యం డబ్బామీద అనాస, పప్పు డబ్బామీద అనాస, ఉప్పు డబ్బామీదా అనాసే.

"ఈ బొమ్మలు మీరంటించారా అమ్మా?"

"ఆహా. ఖాళీ అయిన రసం డబ్బాలవి. నీళ్ళలో నానబెడితే చక్కగా ఊడొస్తాయి. ఎంత మంచి కాగితమో! పారెయ్యబుద్ధి కాదు."

"అన్నిటిమీదా ఒకే బొమ్మ ఉంటే దేంట్లో ఏముందో ఎలా తెలుస్తుందమ్మా?"

ముసలమ్మ అతని అమాయకత్వానికి జాలిపడింది. "నేను పెట్టినవి నాకు తెలీవా బాబూ? కాగితం చూసుకుని వండుతారా ఎవరైనా? అది అందానికి."

నత్త కింది అర తెరిచాడు. రసం డబ్బాలు రెండున్నాయి. రెండింటికీ అనాస కాగితమే. ఒకటి నునుపుగా ఉంది. రెండోదానికి కాగితం ఉబ్బి, అంచు వంకరగా ఉంది, పక్కన చిన్న చొట్ట. ఒక్కో చేతిలో ఒకటి పట్టుకున్నాడు. చొట్టది బరువు. తూకం మిషను మీద మార్చి మార్చి పెట్టాడు. ఒకే సైజు డబ్బాలు. చొట్టదానికి అంకెలు బాగా పైకి పోయాయి. కాగితం అంచు గోటితో లేపి, మూత చూశాడు. సున్న, సున్నలో చుక్క.

అతను ఇన్నేళ్ళలో ఎన్నో ఇళ్ళలో విషం వెతికాడు. ఎలుకల మందు డబ్బాల్లో, దిండు కింద చీటీల్లో, నవ్వుమొహాల్లో వెతికాడు. ఎక్కడ దొరికినా దాని వెనకాల ఒక పగ ఉండేది, ఒక ఆశ ఉండేది. అది పట్టుకుని లాగేవాడు. ఇక్కడ లాగడానికేమీ లేదు.

"దీనికి కాగితం ఎవరంటించారమ్మా?"

"నేనే." దాచుకోవాలని ఆమెకి తోచనే లేదు. "నా కొడుకు తెచ్చాడు. అన్నీ ఒక్క కంపెనీవే, ఒక్క గోదాములోవే. కాగితం లేదని నా కూతురు పారేస్తుంది. దానికి కాగితం పిచ్చి బాబూ. కాగితం లేకపోతే లోపలి పండు మారిపోతుందా చెప్పు? చక్కటి వస్తువు మెట్లమీద పారబోసింది పోయినసారి. నా ప్రాణం ఉసూరుమంది. అందుకని ఈసారి అది డ్యూటీకి పోయాక పిండి ఉడకబెట్టి అంటించేశా. సాయంత్రం వచ్చి చూసింది. కాగితం మీద వేలు పెట్టి చదివింది. సరే ఇవ్వమంది." ఆమె పళ్ళు లేని నోటితో కాస్త నవ్వింది. కూతుర్ని మోసం చేసి గెలిచిన నవ్వు.

నత్త గోడకి ఆనుకున్నాడు.

"ఆయనకి ఎప్పుడిచ్చారు?"

"ఆదివారం ఒకటి. తాగి, గ్లాసు పక్కన పెట్టి, నావైపు ఎలా చూశారనుకున్నావ్! 'ఏమేవ్, ఇవాళ రుచి తెలుస్తోందే' అన్నారు. రెండేళ్ళయింది బాబూ ఆ మాట విని. ఏది పెట్టినా ఇనుము ఇనుము అనే మనిషి. 'పండు తిన్నట్టుంది, నాలుక లేచొచ్చింది' అన్నారు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. సోమవారం పొద్దున అడిగి తాగారు. సాయంత్రం ఇంకోటి అడిగారు. కూతురికి చెప్పొద్దన్నారు. రోజుకి ఒకటే కదా దాని లెక్క. పోనీలే అని ఇచ్చా. ఆ రాత్రి ఎంత ప్రశాంతంగా పడుకున్నారో."

ఆమె ఫొటోకేసి తిరిగింది. "కనీసం ఆఖర్న రుచి తెలిసి పోయారు. ఆ ఒక్కటే నాకు మిగిలింది బాబూ. అది తల్చుకునే ఈ రెండు రోజులూ బతికున్నా."

నర్సు బయటికి రావాలంటే ఈ డబ్బా ఇన్‌స్పెక్టర్ బల్లమీద పెట్టాలి. పెడితే ఈమెకి మిగిలిన ఆ ఒక్కటీ పోతుంది. చట్టం ఈమెని ఏమీ చెయ్యకపోవచ్చు. చట్టం చెయ్యాల్సిన అవసరమూ ఉండదు.

బయట జీపు ఆగింది. మెట్లమీద బూట్ల చప్పుడు. నత్త డబ్బా సంచిలో వేద్దామనుకున్నాడు. జీవితంలో త్వరగా కదలాల్సిన ఆ ఒక్కసారీ కదలలేకపోయాడు.

"ఓహో, మనకన్నా ముందే వచ్చేశారే!" ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో నిలబడి టోపీ తీశాడు. వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళు, వాళ్ళ మధ్య నర్సు. "ఫ్రిజ్‌లో ఉన్న సూదులు తీసుకోవడానికొచ్చాం. మీరేం దొరకబుచ్చుకున్నారు గురువుగారూ? మళ్ళీ డబ్బాయేనా?"

నర్సు వంటగదిలోకి అడుగుపెట్టింది. ఆమెకి ఆ గదిలో ప్రతి వస్తువూ ఎక్కడుండాలో తెలుసు. అందుకే ఉండకూడనిది వెంటనే కంటపడింది. తూకం మిషను మీద డబ్బా, కింద వెలుగుతున్న అంకె. నత్త గోటితో పైకి లేపిన కాగితం అంచు. దాని వెనక తెల్లటి బంక. పొయ్యిమీద గిన్నె. గిన్నెలో అదే తెలుపు.

ఆమె చెయ్యి చాపి డబ్బా ఎత్తింది. బరువు చూసింది. కాగితం పూర్తిగా ఊడదీసింది. కింద నున్నటి రేకు. మూత తిప్పి చూసింది. ఆ గుర్తు ఏంటో ఆమెకి తెలియదు. తెలియాల్సిన పనిలేదు. అరలో అనాస బొమ్మల వరస కేసి చూసింది. తర్వాత తల్లికేసి చూసింది.

"ఏంటమ్మా, అలా చూస్తున్నావ్?" అంది ముసలమ్మ. "మళ్ళీ కాగితం గొడవేనా? ఇంకా ఎందుకే, ఆయనే పోయాక."

నర్సు డబ్బాని సింకు దగ్గరికి తీసుకెళ్ళి, రేకు లాగి, తలకిందులు చేసింది. చిక్కటి నారింజరంగు రసం మెల్లగా, తేనెలా జారింది. కొళాయి తిప్పింది. అంతా కొట్టుకుపోయేదాకా నిలబడింది.

"ఏయ్, ఏం చేస్తున్నావ్?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"చేతులు కడుక్కుంటున్నా." ఆమె కొళాయి కట్టేసి ఇటు తిరిగింది. గొంతు స్థిరంగా ఉంది. వార్డులో రోగి పోయాడని చుట్టాలకి చెప్పే గొంతు. "రాసుకోండి. సూది నేనే వేశాను. వార్డులో మందే. నాకు విసుగొచ్చింది. ఇంకెవరికీ ఏమీ తెలియదు."

ముందుగా తేరుకున్నది ఇన్‌స్పెక్టరే.

"విన్నారా గురువుగారూ? మీరు పాకుతూ పాకుతూ వచ్చేలోపు..."

అతని మాట ఆగింది. గెలిచినవాడి మొహం ఉండాల్సినట్టు లేదు అతని మొహం. ఖాళీ డబ్బా కేసి చూశాడు, సింకు కేసి చూశాడు. ఏదో తట్టింది, కానీ ఏం తట్టిందో తెలియలేదు.

నర్సు అతన్ని దాటి నత్త కళ్ళలోకి చూసింది. వద్దు అన్నట్టు తల కాస్త అడ్డంగా ఊపింది, అంతే. అతని సంచిలో ఇంకో డబ్బా ఉందని, దానిమీద ఒక సన్నటి వేలిముద్ర గట్టిపడి ఉందని ఆమెకి తెలియదు.

ముసలమ్మ అట్టముక్క కింద పెట్టి లేచింది. ఎవరూ పట్టుకోకముందే వచ్చి నత్త చొక్కా చేయి పట్టుకుంది.

"అబద్ధం బాబూ. అది అబద్ధం చెబుతోంది. కన్నదాన్ని, నాకు తెలీదా? ఎవరినో కాపాడుతోంది." ఆమె అతని మొహం వెతికింది. చాలాసేపు వెతికింది. ముసలి కళ్ళు చిన్నవయ్యాయి. "నీకు తెలుసు. నీ మొహమే చెబుతోంది. మా ఆయన్ని ఎవరు చంపారో నీకు తెలుసు. చెప్పు బాబూ. ఎవరో చెప్పు. ఒక్కసారి నా ముందు నిలబెట్టు. ఈ చేతుల్తోనే..."

రెండు చేతులూ ఎత్తి అతని కళ్ళముందు పెట్టింది. గోళ్ళ సందుల్లో బంక ఇంకా తడిగానే ఉంది.